లాలిపాటలు - శ్రోతృవిచారము

మార్కండేయపురాణమునందలి మదాలసోపాఖ్యానము పండితు లెల్లరు నెఱిఁగినదే. ఋతధ్వజమహారాజు పత్నియగు మదాలస తొలికొడు కేడ్చుచుండఁగా నూరడించుచు, పేరును దేహమును ఆత్మకు నంటినవి కావని యతనికిఁ దత్త్వము నుపదేశించెను. రెండవకొడుకునకును మూఁడవకొడుకునకును నట్లే చేసెను. మువ్వురును పెరిగి విరక్తులైరి. నాలవవాఁడగు అలర్కునికిఁ గూడ నామె యా పాటయే యెత్తుకొనఁగా రాజు విని యడ్డుపడి, వంశము నిలువవలెను గదా, వీనినైనఁ బ్రవృత్తిమార్గమునఁ బెట్టుమని వేఁడుకొనెను. ఆమె పాట మార్చెను, అలర్కుఁడు రాజయ్యెను. తిక్కనసోమయాజి శిష్యుఁడగు మారన యీ పురాణమును దెనిఁగించినాఁడు.

ఈ కథను బ్రహ్మవిద్యామాహాత్మ్యమునకు నిదర్శనముగాఁ జెప్పుట వాడుక. అది సరియే. కాని సాహిత్యవిమర్శకునకుఁ బనికివచ్చు నంశ మొకటి యిందుఁ గలదు. పాట శిశువు నుద్దేశించినది. దాని యర్థము తగిలినది తండ్రికి. శిశువులును దాని నర్థము చేసికొనిరనియే పురాణకర్త తాత్పర్యము. వారు పెరిగినకొలఁది తల్లి బోధయుఁ బెరిగెనని యతఁడు చెప్పుచున్నాఁడు. అట్లైనను ఏడ్చుచున్న పసివాఁడు పాట వినిన క్షణమున విన్నది స్వరము; ఆ క్షణముననే గడపయొద్ద నిలిచి యర్థమును విన్నవాఁడు రాజు. తొట్టెలోని పాటకు వినువా రిద్దఱున్నారనియు, ఆ యిద్దఱును వినునది యొక్కటి గాదనియు నీ కథ తేటపఱచుచున్నది.

తెలుఁగున లాలిపాటలనుగూర్చి జరిగిన విమర్శయందు ఈ రెండవశ్రోతకుఁ దగినంత చోటు దొరకలేదు. నందిరాజు చెలపతిరావుగారు స్త్రీలపాటలను సంకలనముచేసి ప్రకటించిరి. చింతా దీక్షితులుగారు ప్రజావాఙ్మయమును పండితులదృష్టికిఁ దెచ్చిరి. నేదునూరి గంగాధరముగారు పల్లెలు తిరిగి పాటలు కూర్చిరి. 1958లో వెలువడిన బిరుదురాజు రామరాజుగారి 'తెలుఁగు జానపదగేయసాహిత్యము' ఈ శాఖకు శాస్త్రమర్యాదను గల్పించినది. వీరి కృషిలేకున్న నీ విచారమునకు సామగ్రియే లేదు. కాని గ్రంథములయందు లాలిపాట కబ్బిన స్థానమును జూడుఁడు: అది సాధారణముగా పిల్లలపాట లను శీర్షికక్రింద, ఆటపాటలతోను పొడుపుకథలతోను గలిసి యుండును. పిల్లలకొఱకుఁ బాడిన దగుటచే పిల్లల వాఙ్మయమని యెంచుట యిందులకుఁ గారణము. ఈ లెక్కను మంగళహారతి దేవతల వాఙ్మయము గావలెను.

ఈ వర్గీకరణమువలనఁ గలిగిన నష్టము పేరుతో ముగియునది గాదు. పిల్లలదని యెంచినపాటలో పిల్లలకుఁ దగని మాట కనఁబడినచో సంపాదకుని చేయి కత్తెరమీఁదికిఁ బోవును. అత్తవారింటి మాటయో, పుట్టినింటినుండి రాని యన్నదమ్ములమీఁది నిష్ఠురమో, ఊరికిఁ బోయి తిరిగిరాని మగనిపై నెత్తిపొడుపో వచ్చినపాదము పాఠశాలపుస్తకములయందు నిలుచుట కష్టము. తల్లి తనకొఱకుఁ బాడుకొనిన పాదములే యిట్లు మొదటఁ దెగిపోవుచున్నవి.

శిశు వేమి వినుచున్నాఁడను ప్రశ్నకు నేఁటి శాస్త్రజ్ఞులు కొంత సమాధానము చెప్పినారు. 1980లో డికాస్పర్, ఫైఫర్ అను నిరువురు అమెరికాపరిశోధకులు, పుట్టి మూఁడునాళ్లైనను నిండని శిశువులు పరస్త్రీల గొంతుకకంటెఁ దమతల్లి గొంతుకను గోరుకొందురని పరీక్షించి నిరూపించిరి. శిశువు చప్పరించు రబ్బరుచన్ను మూలమునఁ దల్లికంఠము వినవచ్చునట్లు యంత్ర మమర్పఁగా, ఆ కంఠము వచ్చువిధముగాఁ జప్పరించుట శిశువు నేర్చుకొనెను. అనఁగా గర్భమునందే యా కంఠపరిచయ మేర్పడుచున్నదన్నమాట. టొరాంటోవిశ్వవిద్యాలయమున సాండ్రా ట్రెహబ్ అను విదుషియు నామెతోడివారును 1993లోఁ బ్రకటించిన పరిశోధన యింతకంటె నీ విషయమునకు దగ్గఱది. ఒకే తల్లి యొకే పాటను బిడ్డ యెదుటను, బిడ్డ లేనప్పుడును పాడఁగాఁ బదిలపఱిచి యన్యులకు వినిపించిరి. ఏది బిడ్డయెదుటఁ బాడినదో వినువారు గుర్తింపఁగలిగిరి. బిడ్డ ముందున్న తల్లి గొంతుక పైస్థాయికిఁ బోవును, నడక నెమ్మదించును. ఇంతవఱకు శిశువు భాగము. అర్థము మాటయో? నెలలబిడ్డకు 'అచ్యుతుఁడ'న్నను 'ఆవకాయ'యన్నను సమానమే. కావున పాటలో నర్థమని యేదియున్నను అది పాడుదానికొఱకును, ఆ యింట వినఁగలవారికొఱకును బుట్టినదే కావలెను.

నాదభాగమును గూర్చి మన లాక్షణికులు సైతము చెప్పఁదగిన దొకటి కలదు. తాళ్లపాక అన్నమాచార్యులదని (1408-1503) ప్రసిద్ధమైన 'జో అచ్యుతానంద' జోలను దీసికొందము. దాని పల్లవి మొదటిపాదమును గణవిభాగము చేసినచో మూఁడు తగణములును ఒక గలమును వచ్చును; అనఁగా మూఁ డింద్రగణములు, ఒక సూర్యగణము. ఇది శుద్ధమైన ద్విపదపాదము. పాల్కురికి సోమనాథుఁడు పురాణము చెప్పిన ఛందస్సు, రంగనాథరామాయణము నడచిన ఛందస్సు, తెలుఁగుతల్లి తొట్టె నూఁపు ఛందస్సు నొక్కటే. ఇంద్రగణములలోఁ దగణమునే వరుసగా నేర్చుకొనుట యాదృచ్ఛికము గాదు: ఐదేసి మాత్రల తూఁగు ఉయ్యెల పోకకును రాకకును సరిపడును, కడపటి సూర్యగణము మూఁడుమాత్రలదే యైనను గొంతుక దానిని సాఁగఁదీసి యైదు చేయును, ఆ సాఁగుదలలో ఉయ్యెల తిరుగును. ఇఁక రెండవపాదమునఁ దొలిగణము గురువుపై మూఁడు లఘువు లగుచున్నది. ఇట్టి యింద్రగణము లక్షణగ్రంథములలో లేదు. కాని మాత్ర లైదే. పాడుకంఠమునకు లోప మేమియుఁ దోఁపదు, వ్రాయుకంటమునకే తోఁచును. ఈ పాదము పాఠాంతరములయందు మొదటిమాట మాఱినను ఈ గణస్వరూపము మాఱకుండుట గమనింపఁదగినది.

అర్థభాగమును గూర్చి విచారించుటకుఁ బాల్కురికి సోమనాథుని బసవపురాణమునందలి బెజ్జమహాదేవికథకంటె మేలైన యాధారము లేదు. ఈ కథను భక్తిపారవశ్యమునకు మచ్చుగా మాత్రమే చూచుచు వచ్చిరి. నిజమున కది తల్లితనము నెఱిఁగిన కవి వ్రాసిన కథ. ఎల్లరకుఁ దల్లులు గలరు, శివునకుఁ దల్లిలేదుగదా యని బెజ్జమహాదేవి వగచును. తల్లియే యున్నచో నతఁడు విషము త్రాఁగ నిచ్చునా, పాములఁ దాల్ప నిచ్చునా, బూడిద పూసికొని వల్లకాటఁ దిరుగ నిచ్చునా, బిచ్చమెత్తుకొన నిచ్చునా యని యామె తర్కము. పండితులు శివుని మహిమలుగాఁ బాడుకొను విషయములన్నియు నామెకుఁ బెంపకములోపము లైపోయినవి! పిదప నామె తానే తల్లియై లింగమూర్తికి నూనెలంటి, నీళ్లువోసి, పాలుపట్టి పెంచుచుండును. శివుఁడు శిశువై యా యుపచారముల నందుకొనును. ఒకనాఁ డతఁ డామె ముగ్ధత్వమును జూడఁగోరి అంగిటిముల్లు వచ్చినట్లు నటించి పాలు ముట్టఁడు. అప్పు డామెపడు తల్లడము చదువఁదగినది. బిడ్డ పాలు ద్రావకున్ననాఁడు తల్లి యేమగునో సోమనాథుఁ డెవరినిఁ జూచి తెలిసికొనెనో కాని, పుస్తకములఁ జూచి కాదు. తుదకుఁ బ్రాణత్యాగమునకే యామె సిద్ధపడఁగా శివుఁడు సాక్షాత్కరించును.

ఇక్కడఁ గవి చూపిన విశేష మేమనఁగా, ఉపచారములన్నియు నెవరికొఱకు జరుగుచున్నవో యతనికి వానియక్కఱ లేదు. శివునకు నలుఁగుతోఁ బనిలేదు, పాలతోఁ బనిలేదు. అక్కఱయంతయుఁ దల్లిది. ఊరడింపు పొందవలసినది బిడ్డయని లోక మనుకొనుచుండఁగా, ఆ యూరడింపు లేక నిలువలేనిది తల్లి యని సోమనాథుఁడు చెప్పుచున్నాఁడు. పండితారాధ్యచరిత్రమున నతఁడే తుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు మొదలగు పాటల పేర్లను లెక్కించినాఁడు. స్త్రీల పాటలకుఁ జెవియొగ్గిన కవి కాకున్న బెజ్జమహాదేవి యా గొంతుకతో మాటలాడదు.

పోతన మఱియొకదారిఁ బట్టెను. దశమస్కంధమున గోపికలు బాలకృష్ణునకు నీళ్లాడించి, రక్షపెట్టి, తొట్టెలో నిడి జోలపాడుదురు. 'జోజో' యను నింటిమాటను గందపద్యములోనికిఁ దెచ్చిన ధైర్యము మెచ్చవలసినదే. కాని యంతకంటె మెచ్చవలసినది దాని పిదపటి పద్యము. లోకములన్నింటిని జోకొట్టి నిద్రపుచ్చుచుఁ దాను నిద్రపోవనివాఁడు, ఆ యాఁడువారు జోకొట్టి పాడఁగా నిద్రపోయినవానివలెఁ గన్నులు దెఱవక యూరకుండెనని భావము. భగవంతుని లీలగా దీనికి వ్యాఖ్య చెప్పుట తేలిక. పసివారి నిద్రపుచ్చిన యనుభవము గలవారు మాత్రము దీనిని మఱియొకలాగున గుర్తుపట్టుదురు. బిడ్డ నిజముగా నిద్రపోయెనా, నిద్రపోయినట్లున్నాఁడా యని పాట నాపి వంగిచూచు క్షణము ప్రతియింట నున్నది. ఆ క్షణమునఁ దల్లియే పరీక్షకు లోఁబడుచున్నది. ఆమె శ్రమకు జాలిగొని బిడ్డయే కన్నులు మూసికొనెనేమో యను సంశయమునకుఁ బోతన వేదాంతపుఁ జెంగు గప్పినాఁడు. పోతన గృహస్థుఁడన్న సంగతి యిక్కడ వ్యాఖ్యాతలు మఱచిరి.

పురుషులు తల్లిగొంతుకతోఁ బాడిన లాలులకు దక్షిణదేశమున దీర్ఘమైన చరిత్ర గలదు. ఆముక్తమాల్యదవలనఁ దెలుఁగువారికిఁ బరిచితుఁడైన విష్ణుచిత్తుఁడే, పెరియాళ్వారుగా, యశోదయై కృష్ణునకుఁ దమిళమున లాలి పాడెను, చందురునిఁ బిలిచెను. అన్నమాచార్యుని జోల యా త్రోవలోనిదే. తిరుమలయందు ఏకాంతసేవలో స్వామిని పవళింపఁజేయునపుడు తాళ్లపాకవారి లాలియు, తరిగొండ వెంగమాంబ పేర హారతియు నేఁటికిని జరుగుచున్నవి. త్యాగరాజస్వామి (1767-1847) ఉత్సవసంప్రదాయకీర్తనలయందును లాలులు, ఉయ్యెలపాటలు గలవు. అందు నీలాంబరిరాగమునఁ గూర్చినది గాయకుల కెల్లరకుఁ దెలిసినదే. ఈ పాటలు ఇండ్లలోనికి వచ్చి పసివారి తొట్టెలచెంతఁ బాడఁబడినవి. దేవునకుఁ బాడినపాటను బిడ్డకుఁ బాడుట తెలుఁగునాట నెవ్వరికి నపచారముగాఁ దోఁపలేదు.

అయినను ఈ పాటలకును, పేరులేని స్త్రీల పాటలకును నొక భేద మున్నది. భక్తులు పాడినదానిలోని శిశువునకు భయము లేదు. అతఁడు రాక్షసులఁ జంపినవాఁడు, జగము లేలువాఁడు. అతనికి జ్వరము రాదు. ఇంటిపాటలోని శిశువునకు దృష్టి తగులును, బూచి వచ్చును, పక్కింటివారి చూపు పడును. ఆ పాటలలో మేనమామ మాటిమాటికి వచ్చును, తండ్రి యరుదుగా వచ్చును. మామ తెచ్చు సొమ్ములు, మామ పంపు పట్టుచొక్కాయి, మామ రాఁబోవు బండి, వీనిని వర్ణించునప్పుడు తల్లి తన పుట్టింటిదారివంకఁ జూచుచున్నదని చెప్పుట కేమియు వ్యాఖ్యాతృప్రతిభ యక్కఱలేదు. చెప్పవలసినవారు వినునట్లును, చెప్పినట్లు గాకుండునట్లును పాడుట యామె యుపాయము. తొట్టెలోని బిడ్డకుఁ జెప్పినమాటకు వసారాలోని యత్తగారు బదులు చెప్పఁజాలదు. లాలిపాట వెనుక నింత రాజ్యతంత్ర మున్నది!

1928లో స్పెయినుదేశపుఁ గవి లోర్కా తనదేశపు జోలపాటలనుగూర్చి యుపన్యసించుచు, ఆ పాట లంత విషాదభరితము లగుటకుఁ గారణము విచారించెను. పేదతల్లులు, దాదులు తమ బ్రదుకుల బరువును బిడ్డల చెవులలో నింపుచున్నారని యతని సిద్ధాంతము. వంగదేశమున రవీంద్రుఁడు 1907లో వెలువడిన 'లోకసాహిత్య' గ్రంథమునఁ జేర్చిన వ్యాసమున శిశువుల నలరించు పదములను విచారించి, వానిలో సంబంధములేక తేలిపోవు చిత్రములను మేఘములతోఁ బోల్చి, వానిని సంస్కరింపక యున్నవి యున్నట్లు భద్రపఱుపవలసినదని నొక్కి చెప్పెను. వంగీయసాహిత్యపరిషత్తు తొలినాళ్లలోనే యీ పదములకుఁ దన పత్రికలోఁ జోటిచ్చినది. లోర్కామత మంతయుఁ దెలుఁగునకు వర్తింపదు. మన పాటలు విషాదమయములు గావు. అవి నిష్ఠురమయములు. విషాదమునకును నిష్ఠురమునకును భేద మున్నది: విషాదము వినువారి నపేక్షింపదు, నిష్ఠురము వినువారు లేక పుట్టదు. ఇందువలననే లాలిపాటయందు రెండవశ్రోతను లెక్కకుఁ దీసికొనవలసియున్నది.

తొట్టెమాటలు తొట్టెవద్దనే నిలిచిపోవ వనుటకుఁ దెలంగాణపు బతుకమ్మపాటలు సాక్షి. అందుఁ బాదమునకుఁ బాదమునకు వచ్చు పల్లవి 'ఉయ్యాలో' యని యొకటి, 'చందమామ' యని యొకటి. ఒకటి నిద్రపుచ్చుమాట, ఒకటి బువ్వతినిపించుమాట. పూలచుట్టుఁ దిరుగుచు పెద్దయాఁడువారు కథలు, కష్టములు, పురాణములు చెప్పుకొనునపుడు ఈ మాటలను వదలలేదు. బిడ్డనొద్ద నూరకయే తూఁగిన మాట పెద్దలనడుమ నడకకు నూఁతకోలయైనది. స్త్రీలరామాయణపుఁబాటలలోని 'ఊర్మిళాదేవినిద్ర' నిక్కడఁ దలఁచుకొనవచ్చును. పదునాలుగేండ్లు ఎవ్వరును లేపక నిద్రపోయిన యాఁడుదానికథ నాఁడువారు తరతరములుగా నంత మక్కువతోఁ బాడుకొనుటకుఁ బాతివ్రత్య మొక్కటే కారణ మనుకొనుట, రాత్రులు బిడ్డలతో మేలుకొనినవారి నడుగక చేసిన నిర్ణయము.

బిడ్డ నడకకు మాటకు వచ్చినపిదప నాటపాట ప్రారంభమగును. చప్పట్లు చఱపించునది, ఒడిలో నూఁపునది, వ్రేళ్లు లెక్కించునది, కాళ్లు చాఁచి కూర్చుండి తట్టునది. వీనియందు శబ్దమే ప్రధానము. పెద్దలకు నర్థములేని మాట నోట నుంచుకొనుట సిగ్గుగాఁ దోఁచును గాఁబోలు, వీనికి గూఢార్థములు కల్పించు నలవా టొకటి బయలుదేఱినది. 'కాళ్లాగజ్జె' యను నాటపాటకు వైద్యపరముగా నర్థము చెప్పి, అది చర్మవ్యాధికిఁ జికిత్స యని నిర్ణయించినవారున్నారు. పూర్వులు శాస్త్రములను శ్లోకములలో నిమిడ్చిరి గావునఁ బాటలలోను నిమిడ్చియుందురని వీరి యూహ. అర్థముకొఱకు 'గజ్జె' నిట్లు 'గజ్జి' చేయుటకు శబ్దసామ్యము తప్ప నాధారము లేదు. ఒక మొక్కపేరు వచ్చినచోట మందును, ఒక పక్షిపేరు వచ్చినచోట యోగనాడిని వెదకుచుఁ బోయినచో నే పాటయైనను దేనికైన వ్యాఖ్యానమగును. ఈ యత్నములయందు నిజమైన దొక్కటి గలదు: బిడ్డ యాడుకొను శబ్దమునకుఁ బెద్దవాఁ డర్థము కోరుచున్నాఁడు. ఆ కోరికయే యీ వ్యాసవిషయము. కాని యా యర్థమును పాటలో వెదకుటకంటెఁ బాట జరుగుచోట వెదకుట మేలు. బిడ్డకాళ్లప్రక్కఁ దన కాళ్లు చాఁచుకొని నేలఁ గూర్చుండిన తాతకు, ఆ కాస్తసేపు వేఱొక యర్థముతోఁ బనిలేదు.

వ్రాసి కూర్చిన పిల్లలపాటల చరిత్ర వేఱు. గిడుగు వేంకట సీతాపతిగారు పిల్లల పలుకుబడి నెఱిఁగి పాటలు వ్రాసిరి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్య లను పేర్లతోఁ బిల్లలకుఁ బరిచితులై, 1945లో 'బాల' పత్రికను స్థాపించిరి. పిల్లలే పాడి పిల్లలే వినునట్లు చేయుట వీరి యాశయము; అందు వారు కృతకృత్యులైరి. ఇందువలనఁ బాటకు తల్లినోరు తప్పనిసరి గాకపోయినది. 1975లో నారంభమైన సమగ్రశిశుఅభివృద్ధిసేవల పథకముతో నంగన్‌వాడీలు పల్లెలకు వచ్చినవి. మూఁడేండ్లు మొదలాఱేండ్లవఱకుఁ గల పిల్లలకు నక్కడ నాటపాటలు నేర్పుచున్నారు. నేఁడు పాట బడినుండి యింటికి వచ్చుచున్నది. బిడ్డయే పాడును, తల్లి నేర్చుకొనును. తప్పుపాడినచో బిడ్డయే దిద్దును. పట్టణములలో నా పాట తఱచుగా నింగ్లీషుది. తల్లికి దాని యర్థము తెలియక స్వరమే వినవచ్చును, బిడ్డకు నభినయముతోఁ గూడ నర్థము తెలిసియుండును. మదాలసకథలోని శ్రోతల స్థానములు తాఱుమాఱైనవి. దీనిని హాస్యముగాఁ గొట్టివేయరాదు. ఆ తల్లి మొగమునఁ గనఁబడు గర్వమును బెరుకును రెండును నిజములే.

ఈ నూతనగేయములలో మేలివానిని, చప్పవానిని వేఱుపఱుచుట కొక కొలత యున్నది. మంచివర్తన, పరిశుభ్రత, అంకెలు, వారములు నేర్పుటకై కూర్చినవి పెక్కు. వానిలో లోప మేదనఁగా, కవి బిడ్డ నొక్కనినే శ్రోతగా నెంచి పెద్దవానిని మఱచినాఁడు. పెద్దవాఁ డట్టిపాటను మూఁడవమాఱు పాడలేఁడు. బిడ్డయో, నూఱవమాఱును గోరును. నూఱవమాఱు పాడునప్పుడు పాడువానికి నోటఁ బెట్టుకొన నేదైన నుండవలెను: ఒక నిష్ఠురమో, ఒక వేడుకో, దేవునిపేరో, పుట్టినూరి చెఱువో. పాతపాటలు నిలిచినవి యిందువలన. సెల్‌ఫోనులో మ్రోఁగు లాలికి నీ యిబ్బంది లేదు. అది వేయిమాఱులు విసుగులేక పాడును. దానివలన బిడ్డ నిద్రపోవుటయు నిజమే. రాత్రి రెండుజాములవేళ నలసిన తల్లి దాని నాశ్రయించినచోఁ దప్పుపట్ట నెవ్వరికి నధికారము లేదు. కాని యా గదిలో నర్థమును వినవలసినవారికిఁ జెప్పవలసినమాట మాత్ర మా రాత్రి చెప్పఁబడలేదు.

ఇఁక సేకరణవిషయము. లాలి పాడఁగల ముసలమ్మలు ప్రతియూర నిఁకను గలరు, ప్రతియేఁట తగ్గుచున్నారు. పాఠశాలాపండితులకంటె నీ పనికిఁ దగినవారు లేరు. పిల్లలద్వారమున నింటింటి నాయనమ్మయు వారి కందుబాటులో నున్నది. వ్రాసికొనువారు పాటతోపాటు పాడినది తల్లియో, అమ్మమ్మయో, దాదియో, పెద్దక్కయో గుర్తింపవలెను. పుట్టింటఁ బాడెనా, మెట్టినింటఁ బాడెనా యడుగవలెను. పగటిపాటకును రాత్రిపాటకును గల భేదము నడుగవలెను. మగవారు విన్నప్పుడు వదలి, లేనప్పుడు పాడుపాదము లున్నవేమో యడుగుట కష్టము. అడుగనిచో నవి దొరకవు. నడుమఁ బాలు పొంగుచున్న వనియో, తలుపు వేయు మనియో పాటవరుసలోనే కేకవేయుట గలదు. దానిని గొట్టివేయరాదు, ఏలనన నైదుమాత్రల తూఁగు తప్పక యా కేకయు వచ్చును. గణభంగములను దిద్దరాదు. ఒకరి యడ్డంకివలనఁ బాట మాఱినట్లు తెలిసినచోఁ బాఠములు రెండును వ్రాసికొనవలెను. మార్కండేయపురాణకర్త రాజు వలదన్నపాటను గ్రంథమునుండి తీసివేయలేదు. తొలికొడుకునకుఁ బాడినదియు, అలర్కునికొఱకు మార్చినదియు రెండు నందుఁ గలవు.